వల కన్ను, పిల్ల చేప: బోటు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం... వలలు బాగుచేసే పని మీద నెల్లూరు, ప్రకాశం తీరంలోని ఈ రేవులన్నీ తిరుగుతుంటాను. ట్రాల్ వల, అంటే మరబోటు వెనక ఈడ్చే వల, దాని చివరి సంచి కన్ను (అల్లికలోని సందు) గురించి మాటెత్తితే చాలు, ఎక్కడైనా అవే ప్రశ్నలు. కొన్ని నిజంగా తెలుసుకోవాలని అడిగేవి, కొన్ని నన్ను ఇరకాటంలో పెట్టాలని అడిగేవి. రెండు రకాలకూ ఇక్కడే జవాబు రాసిపెట్టాను. ప్రశ్నలు మాత్రం వాళ్ల మాటల్లోనే ఉంచాను.

మన తీరంలో ట్రాల్ బోట్లే తక్కువ గదన్నా, ఇదంతా మనకెందుకు?

తక్కువే. మన పాలేల్లో ఎక్కువ ఫైబర్ పడవలే. ట్రాల్ అనగానే మనకు గుర్తొచ్చేది తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనా బోట్లనే పెద్ద మరబోట్లు, తెగిపోయిన మన వలలు, రేవులో గొడవలు. అందుకే ఈ సంగతి ఎత్తితే 'అది వాళ్లకు చెప్పు' అంటారు.

కానీ జువ్వలదిన్నెలో హార్బరు కట్టారు. పెద్ద బోటు నిలుపుకోవడానికి మనకే చోటు వచ్చింది. బోటు వచ్చాక దాని వెనకే వల వస్తుంది. ఆ వల ఎట్లాంటిది అనేది మొదటి బోటు దిగకముందే తేల్చుకోవాలి, వంద బోట్లు దిగాక కాదు. ఇంకో సంగతి, మన కుర్రాళ్లు కొందరు ఇప్పటికే బయటి రేవుల బోట్ల మీద కలాసీలుగా పోతున్నారు. డెక్కు మీద సంచి ముడి విప్పేది వాళ్ల చేతులే. ఏం రాలిపడుతుందో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

వల 'ఏరుకుని పట్టడం' అంటే ఏంది? సముద్రంలో వలకు కళ్లున్నాయా?

జల్లెడకు కళ్లున్నాయా? అయినా నూక కిందికి పోతుంది, బియ్యం పైన నిలబడుతుంది. ట్రాల్ వలలో ఆ జల్లెడ పని చేసేది చివరి సంచి ఒక్కటే. ముందున్న రెక్కలు, పెద్ద కన్నుల నోరు చేపను తోలుకొచ్చే పని చేస్తాయి. చేప చివరికి చేరేది సంచిలోకే. ఉండాలా పోవాలా అన్నది అక్కడ తేలుతుంది. అందుకే ఈ మాటంతా వల మొత్తం గురించి కాదు, చివరి కొన్ని మీటర్ల గురించి.

జల్లెడకూ వలకూ ఒక తేడా ఉంది. జల్లెడ కన్ను ఇనుముది, బియ్యం పోసినా అట్లాగే తెరుచుకుని ఉంటుంది. వల కన్ను తాడుది. బరువు పడితే మూసుకుంటుంది. నేను ఈ పేజీ మొత్తంలో చెప్పేది ఈ ఒక్క ముక్కే అనుకోండి.

మా సంచి కన్ను 40 అని షాపులో చెప్పి ఇచ్చారు. నిజమా కాదా ఎట్లా తెలుసుకోవాలి?

40 అంటే 40 మిల్లీమీటర్లు. సంచిని ఉప్పునీళ్లలో నానబెట్టండి. వలను నిలువుగా లాగి పట్టుకుని, ఒక కన్నులో ఎదురెదురుగా ఉన్న రెండు ముడుల మధ్య లోపలి దూరం స్కేలుతో కొలవండి. అదే 'సాగదీసిన కన్ను' కొలత. ఒక్క కన్ను చూసి ఊరుకోకుండా వరసగా ఇరవై కన్నులు కొలిచి సగటు తీయండి. సంచి చివర, చేప కూడే చోట కొలవాలి, మొదట్లో కాదు. కొత్త వల వేటకు పోయొచ్చాక కుదించుకుంటుంది, ముడి బిగుసుకుంటుంది. షాపులో ఉన్న కొలత రేవులో ఉండదు. ఇందులో షాపు వాడి మోసం ఏమీ లేకపోవచ్చు.

40 ఉంది గదా, మరి అరచేతిలో సగం కూడా లేని చేప ఎందుకు బయటికి పోదు?

దీనికి మాటలకంటే చేతులే మేలు. ఇంట్లో ఉల్లిపాయలు వచ్చే ఎర్ర వల సంచి ఉంటుంది కదా. దాన్ని ఖాళీగా చాప మీద పరచండి, కన్నులు విప్పుకుని కనిపిస్తాయి. ఇప్పుడు అందులో ఐదు కేజీల ఉల్లిపాయలు పోసి, మూతి పట్టుకుని పైకెత్తండి. పైన ఉల్లిపాయలు లేని భాగం చూడండి, కన్నులన్నీ సూదుల్లా సన్నబడి మూసుకున్నాయి. ఉల్లిపాయల కుప్పకు ఆనుకుని పైనున్న ఒకటి రెండు వరసలు మాత్రం కాస్త తెరుచుకుని ఉంటాయి. సముద్రంలో మీ బోటు వెనక జరిగేది ఇదే. చేప నిండేకొద్దీ సంచి సాగుతుంది, మామూలు వలకుండే డైమండ్ ఆకారపు కన్ను నిలువుగా సాగి అడ్డంగా మూసుకుంటుంది. తప్పించుకునే పిల్ల చేపల్లో చాలా భాగం ఆ కుప్పకు ముందున్న కొద్ది వరసల్లోంచే పోతాయి. మిగతా సంచి అంతా కన్నులున్న గోడ.

లెక్క కావాలంటే లెక్క. సాగదీసి 40 మిల్లీమీటర్లుంటే, ఒక్కో పక్క తాడు 20. ఆ కన్ను చదరంగా తెరుచుకుంటే 20 మిల్లీమీటర్ల లావున్న గుండ్రటి చేప దూరిపోతుంది. అదే కన్ను సాగిపోయి అడ్డంగా 10 మిల్లీమీటర్లే మిగిలితే? నిలువు ఇంకా 38 పైనే ఉంటుంది, చూడ్డానికి పెద్ద కన్నులాగే ఉంటుంది, కానీ అందులోంచి దూరేది 10 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉన్నదే. ఖాళీ కూడా సగానికి పడిపోతుంది. వల మార్చలేదు, తాడు మార్చలేదు, కన్ను కొలత మార్చలేదు. ఆకారం మారిందంతే.

అందుకే 'కన్ను పెంచండి, పెంచండి' అని సభల్లో చెబుతుంటే నాకు విసుగొస్తుంది. 50 చేసి, లావు తాడుతో జంట పోగు అల్లి, సంచి చుట్టూ రెండు వందల కన్నులు వేస్తే అది 30 దాని కంటే మేలేం కాదు. తాడు లావైతే కన్ను విప్పుకోదు. చుట్టూ కన్నులు ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి ముడుచుకుంటాయి.

చదరపు కన్ను అంటే వేరే వల కొనాలా?

అదే వలను 45 డిగ్రీలు తిప్పి కోస్తే చదరపు కన్ను. అప్పుడు తాళ్లలో సగం బోటు లాగే దిక్కున, సగం దానికి అడ్డంగా వస్తాయి. బరువంతా లాగే దిక్కున ఉన్న తాళ్ల మీద పడుతుంది, కన్ను మూసుకోదు. కొచ్చిలోని సీఐఎఫ్‌టీ, అంటే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, మన దేశపు ట్రాల్ వలలకు 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను సంచిని ఏళ్లుగా సిఫారసు చేస్తోంది. విశాఖపట్నంలో వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి నేను మామూలు ముడి వలనే తిప్పి కోసి సంచి కుట్టి ఇచ్చాను. చూడ్డానికి గీత గీసినట్టుంది. ఐదారు సార్లు వల లాగాక బోటు ఆయన తెచ్చి నా ముందు పడేశాడు. ముడులు జారిపోయాయి. ఒక పక్క కన్నులు పెద్ద సందులైపోయాయి, ఇంకో పక్క పోగులు పోగులుగా దగ్గరపడ్డాయి. మామూలు ముడి నాలుగు వైపులా సమంగా లాగితే నిలబడుతుంది, ఒక తాడు మీదే బరువు పడితే జారుతుంది. చదరపు సంచికి ముడిలేని అల్లిక వల వాడాలి. లేదంటే ముడి గట్టిగా బిగించి వేడితో నిలబెట్టిన రకం వాడాలి. ఆ సంచి డబ్బులు నేనే పెట్టుకున్నాను.

చదరం కోయడానికి చేయి తిరగకపోతే ఇంకో తేలిక దారి ఉంది. వలను 45 కాకుండా 90 డిగ్రీలు తిప్పి కుట్టడం. దీన్ని టీ-90 అంటారు. ముడి లావు అడ్డం వచ్చి కన్ను పూర్తిగా మూసుకోనీయదు. కోతలో వల వృథా కాదు, చిరిగితే మామూలు వలలాగే కుట్టుకోవచ్చు. చదరం అంత బాగా తెరుచుకోదు, కానీ డైమండ్ కంటే మేలు.

అన్నిటికంటే తక్కువ ఖర్చుది పక్క తాళ్లు. సంచి రెండు పక్కలా, సంచి పొడవు కంటే కాస్త పొట్టిగా ఉండే తాళ్లు బిగిస్తే బరువు వాటి మీద పడుతుంది, వల వదులుగా ఉండి కన్ను విప్పుకుంటుంది. పాత సంచికే చేసుకోవచ్చు. దీన్ని ఎవరూ ఎందుకు పట్టించుకోరో నాకిప్పటికీ అర్థం కాదు.

కన్ను తెరుచుకుంటే రొయ్య పోదా?

ఇదే అసలు ప్రశ్న, మిగతావన్నీ పక్కన పెట్టినా ఫర్వాలేదు. రొయ్య కోసమే ట్రాల్ వేసే బోటుకు ఆయిలు ఖర్చు తిరిగొచ్చేది రొయ్యతోనే.

కొంత పోతుంది. చిన్న రొయ్య పోతుంది. పోదని చెప్పేవాళ్లను నమ్మొద్దు. సంచి మొత్తం చదరపు కన్ను చేస్తే ఆ నష్టం ఎక్కువ. అందుకే రొయ్య వేటకు మధ్యే దారి ఉంది. సంచి అట్లాగే ఉంచి, దానికి ముందు భాగంలో పై వైపు మాత్రం ఒక కిటికీలాగా చదరపు కన్ను ముక్క కుట్టడం. పై వైపే ఎందుకంటే, చేప వలతో సమంగా ఈదుతుంది, రొయ్య అంత వేగంగా ఈదలేదు. వలలో పడ్డ చేప కాసేపు వలతోపాటే ముందుకు ఈదుతూ, దారి కోసం వెతుకుతూ, చాలా రకాలు పైకి లేస్తాయి. రొయ్య నీటి ఊపుకు కొట్టుకుపోయి అడుగునే సంచిలోకి చేరుతుంది. ఆ రెంటి నడవడిక తేడానే మనకు పనికొచ్చేది. వల తాడు చుట్టే వించి ఆపి మళ్లీ తిప్పినప్పుడు, వల ఒక్క క్షణం వదులైనప్పుడు, ఆ కిటికీ దగ్గర చూడాలి, పిల్ల చేప ఎట్లా దూకుతుందో.

సీఐఎఫ్‌టీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. సంచి ముందు వంపుగా ఒక ఊచల చట్రం పెట్టి, రొయ్య కింది సంచిలోకి, చేప పై సంచిలోకి పోయేలా చేశారు. కింది సంచి కన్ను చిన్నది, పై సంచి కన్ను పెద్దది. రొయ్య ఉంటుంది, పెద్ద చేప ఉంటుంది, పిల్ల చేప పై కన్నుల్లోంచి పోతుంది. డెక్కు మీదికి వచ్చేసరికి రొయ్య, చేప విడివిడిగా ఉంటాయి, ఏరే పని తగ్గుతుంది. 2005లో అంతర్జాతీయ పోటీలో బహుమతి తెచ్చుకున్న పనిముట్టు ఇది. అయితే చట్రం ఉన్న వల ఎత్తడం దించడం కాస్త కష్టం. డెక్కు ఇరుకుగా ఉన్న బోట్ల వాళ్లు గొణుగుతారు, వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది.

ఎంతలోపు ఉంటే పిల్ల చేప అంటారు?

ఒక్కో జాతికి ఒక్కో లెక్క. మొదటిసారి గుడ్లు పెట్టే సైజు కంటే చిన్నదైతే పిల్ల చేప. ముక్కు కొన నుంచి తోక చివరిదాకా కొలవాలి. కేరళ 2015లో 14 రకాల చేపలకు కనీస సైజు పెట్టింది, తర్వాత ఆ జాబితాను 58కి పెంచింది. అక్కడ కవళ్లకు (సార్డిన్) 10 సెంటీమీటర్లు, కానాగుర్తకు (మాకెరల్) 14. అంతకంటే చిన్నవి ఎక్కువగా ఉన్న బోటుకు జరిమానా వేస్తారు. ఆ కొలతలకు లెక్కలు కట్టింది సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ.

కానాగుర్త అన్నాను కాబట్టి చిన్న ముచ్చట. ప్రపంచమంతా శాస్త్రజ్ఞులు ఆ చేపను పిలిచే లాటిన్ పేరులో 'కానగుర్త' ఉంది. విశాఖ తీరంలో చేపల బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చేసిన ప్యాట్రిక్ రస్సెల్ అక్కడి తెలుగు పేరునే రాసుకున్నాడు, అదే నిలబడింది. మన మాట పెట్టుకున్న చేపకు మన తీరంలో కనీస సైజు ఎంతో చెప్పమంటే రేవులో పది మందిలో ఒకరు కూడా చెప్పలేరు.

చేప ఆకారాన్ని బట్టి కూడా తేడా వస్తుందా?

వస్తుంది. కానాగుర్త, గొరక లాంటి గుండ్రటి ఒళ్లున్న చేపకు చదరపు కన్ను మంచిది. కార చేప, చందువ పిల్ల లాంటివి పళ్లెంలాగా పల్చగా, ఎత్తుగా ఉంటాయి. వాటికి నిలువుగా సాగిన డైమండ్ సందే తేలిక. మీ వేటలో కార చేపే ఎక్కువ వస్తుంటే చదరపు సంచితో మీరనుకున్నంత తేడా కనబడదు. ముందు వారం రోజులు మీ సంచిలో ఏం పడుతుందో రాసుకుని, ఆ తర్వాతే ఏ కన్నో తేల్చుకోండి.

తప్పించుకున్నది బతుకుతుందా? చచ్చేదే అయితే మేమే పట్టుకుంటాం గదా.

మంచి ప్రశ్న. గట్టి ఒళ్లున్న చేపలు అడుగున ఉన్నప్పుడే తప్పించుకుంటే బతికే అవకాశం బాగానే ఉంటుంది. కవళ్ల లాంటివి పొలుసు రాలిపోతే ఎక్కువ కాలం నిలవవు. నాలుగు గంటలు లాగి, సంచి నిండి, నలిగి, పైకి తెచ్చేటప్పుడు జారిపోయినది దాదాపు చచ్చినట్టే. అంటే కన్ను ఒక్కటే కాదు, లాగే సమయం కూడా లెక్కే. తక్కువసేపు లాగితే సంచి మరీ నిండదు, కన్ను తెరుచుకుని ఉంటుంది, పోయేది ముందే పోతుంది. పట్టిన చేప కూడా నలగకుండా మంచి రేటు తెస్తుంది. డెక్కు మీదికి వచ్చాక సముద్రంలోకి విసిరేసే పిల్ల చేప మాత్రం కాకులకే.

పొడి చేపకూ రేటుంది. ఆ డబ్బులు మీరిస్తారా?

నేనివ్వను. కానీ ఆ డబ్బుల సంగతి కాస్త విప్పి చూద్దాం.

సంచి ముడి లాగగానే డెక్కు మీద కుప్ప పడుతుంది. నలుగురు మోకాళ్ల మీద కూర్చుని ఏరుతారు. రొయ్య ఒక బుట్టలోకి, చందువ, వంజరం ఐసులోకి, గొరక ఒక క్రేటులోకి, సావళ్లు వేరే. ఇవన్నీ తీశాక చేతులకు జిగురులా అంటుకునే బూడిద రంగు ముద్ద ఒకటి మిగులుతుంది. దగ్గరగా చూస్తే అందులో వేలెడు గొరకలు, గోరంత పీతలు, సావళ్ల పిల్లలు దారంలాగా చుట్టుకుని ఉంటాయి. గులివింద చేప పిల్లల ఎరుపు ఇంకా పోకుండా మెరుస్తుంటుంది. దాన్ని పారతో తోసి గోతాల్లోకి ఎత్తుతారు. అదే పొడి చేప. అది చేపల పొడి మిల్లుకు పోతుంది, అక్కడి నుంచి కోళ్ల దాణాకు, రొయ్యల మేతకు. అట్లాంటి మేత తిన్న వెనామీ రొయ్యే మన జిల్లా చెరువుల్లో ఉంది. పక్కింటి వాడి చెరువులో రొయ్య పెరగడానికి మన సముద్రంలో గొరక పెరగకుండా పోతోంది. చెరువు రైతు తప్పు ఇందులో ఏమీ లేదు, మేత బస్తా మీద ఏం రాసి ఉంటుందో అదే ఆయన చదువుతాడు.

ఇప్పుడు లెక్క. చేప పొడవు రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే పొడవుతో పాటు వెడల్పూ లావూ కూడా పెరుగుతాయి. 10 సెంటీమీటర్ల కానాగుర్తను వదిలి, 20కి చేరాక పడితే అదే ఒక్క చేప ఎనిమిదింతలు తూగుతుంది. పైగా గోతం రేటుకు పోయేది కేజీ రేటుకు పోతుంది. ఈలోపు కొన్ని చచ్చిపోతాయి, కొన్నిటిని వేరే చేప తింటుంది, నిజమే. అవన్నీ తీసేసినా త్వరగా పెరిగే జాతులకు ఎదురుచూపు లాభమే. గోతం చేప ఐసు తింటుంది, బోటులో చోటు తింటుంది, కలాసీల నిద్ర తింటుంది. ఆ ఖర్చు మాత్రం ఎవరూ లెక్కలో రాయరు.

మేం వదిలితే సోనా బోటు వాడు పట్టుకుపోతాడు గదన్నా?

పట్టుకుపోతాడు. దీనికి అందమైన జవాబు లేదు.

ఒక్క బోటు సంచి మార్చుకుంటే ఆ బోటు నష్టపోతుంది, లాభం మిగతా అందరూ పంచుకుంటారు. ఇది తెలిసినవాడు ఎవడూ మొదట మార్చడు. అందుకే ఇది ఒంటరిగా చేసే పని కాదు. మన పాలేల్లో దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటి పాతకాలం నుంచే ఉంది. ఫలానా రోజు వేటకు పోకూడదని, ఫలానా వల వేయకూడదని పాలెం పెద్దలైన కాపులు కూర్చుని దురాయి (కట్టుబాటు) వేస్తే, పోలీసు అవసరం లేకుండా నిలబడుతుంది. దురాయి మీరి వల వేసినవాడి సంగతి ఏమవుతుందో మీకు తెలుసు. సంచి కన్ను మీద దురాయి ఎందుకు వేయకూడదు? ఒక పాలెం వేస్తే చాలదు. ఒకే హార్బరులో నిలిపే పాలేలన్నీ కలిసి, హార్బరులోకి వచ్చే ప్రతి ట్రాల్ బోటు సంచీ కొలిపించుకోవాలని తీర్మానం చేస్తే పట్టు దొరుకుతుంది.

పై రాష్ట్రం బోటు మీద మన దురాయి చెల్లదు. అక్కడ చట్టమే కావాలి. మన రాష్ట్రంలో 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేట చేయకూడదు. ఆ గీత గట్టిగా అమలైతే చాలు, సగం గొడవ తగ్గుతుంది. ఎందుకంటే పిల్ల చేప ఎక్కువగా పెరిగేది తీరానికి దగ్గరలో, పెన్న మొగలో, కండలేరు క్రీకు లాంటి చోట్ల. రెండు బోట్లు కలిసి ఒకే వల లాగే జంట ట్రాలింగును, లైట్లు వేసి చేసే వేటను కేంద్రం 2017లోనే తన జలాల్లో నిషేధించింది. వాళ్ల మీద ఫిర్యాదు చేసేటప్పుడు మన సంచి కూడా సరిగ్గా ఉంటే మన మాటకు బరువుంటుంది. నేను చూసిన ఒక సమావేశంలో అవతలి రాష్ట్రం వాళ్లు లేచి 'మీ అలివి వల కన్ను ఎంత?' అని అడిగితే మన వైపు ఒక్కరూ నోరు తెరవలేదు.

అలివి వల మాట మీరే తెచ్చారు. దాని సంగతేంది?

అది ఒడ్డు నుంచి లాగే వల. దాని సంచి కన్ను చాలాచోట్ల ట్రాల్ కంటే చిన్నది, వేసేది ఒడ్డు దగ్గరే. క్రీకుల్లో దోమతెర గుడ్డతో పట్టేవాళ్లూ ఉన్నారు. పేదవాళ్ల పని కదా అని ఊరుకుంటున్నాం. నీళ్లలో తెరలాగా నిలబెట్టే నరం వల సంగతి వేరు. అందులో కన్నుకు సరిపడే సైజు చేపే తగులుకుంటుంది, చిన్నది దూరిపోతుంది, మరీ పెద్దది తల దూరక తిరిగిపోతుంది. ఏరుకుని పట్టడంలో దాన్ని మించింది లేదు.

61 రోజులు వేట ఆపుతున్నాం గదా, అది చాలదా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపుతున్నాం. మంచిదే. కానీ మన వేడి సముద్రాల్లో చాలా జాతులు ఒక్క నెలలోనే గుడ్లు పెట్టి ఊరుకోవు, నెలల తరబడి పెడుతూనే ఉంటాయి. ఆ రెండు నెలల్లో పుట్టిన పిల్లలు నిషేధం ముగిసేసరికి ఎంత ఉంటాయి? వేలెడు. రెండు నెలలు గుడ్లకు కాపలా కాసి, జూన్ 15 తెల్లవారుజామున మూసుకుపోయిన సంచితో పోయి ఆ పిల్లలనే మూటగట్టుకొస్తున్నాం. నిషేధం, కన్ను రెండూ ఒకే పనికి రెండు చేతులు. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీసేసుకుంటే ఎట్లా?

సంచి లోపల ఇంకో సంచి వేసుకుంటే?

అది అందరికీ తెలిసిన దొంగతనం. తనిఖీకి వచ్చినవాళ్లు పై సంచి కొలిచి పోతారు. అరగకుండా అడుగున కప్పే పాత వల ముక్క కూడా పైదాకా కప్పితే అంతే పని చేస్తుంది. అడుగు భాగానికే ఉంచండి.

టెడ్ పెట్టాం, ఇంక ఇదెందుకు?

టెడ్ అంటే తాబేలు తప్పించుకుపోయేలా వలలో పెట్టే ఊచల చట్రం. అది తాబేలు కోసం, సంచి కన్ను మార్చడం పిల్ల చేప కోసం. టెడ్ ఊచల సందులోంచి తాబేలు తప్ప అన్నీ సంచిలోకి పోతాయి, పిల్ల చేపతో సహా. రెండూ ఒకే వలలో పెట్టుకోవచ్చు. టెడ్ సంగతి ఎందుకు ముఖ్యమంటే, అది సరిగ్గా వాడడం లేదని అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. శీతాకాలం చివర గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డున చచ్చి పడి ఉండడం మీరూ చూసే ఉంటారు. టెడ్ ఖర్చును మత్స్య సంపద యోజన కింద కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించే ఏర్పాటు చేశారు. మత్స్యశాఖలో అడగండి.

కొత్త సంచి పనిచేస్తోందో లేదో మాకు ఎట్లా తెలుస్తుంది?

శాస్త్రజ్ఞులైతే సంచి పైన చాలా చిన్న కన్నున్న తొడుగు ఇంకోటి వేసి, రింగులతో దూరంగా నిలబెడతారు. సంచిలోంచి తప్పించుకున్నది తొడుగులో దొరుకుతుంది. సైజు వారీగా రెండిటినీ లెక్కపెడతారు. ఏ పొడవు దగ్గర సగం లోపల, సగం బయట ఉంటాయో అదే ఆ సంచి సగం గీత. ఆ గీత, చేప మొదట గుడ్లు పెట్టే సైజు కంటే కింద ఉంటే కన్ను చాలలేదని అర్థం.

మీకు అంత అవసరం లేదు. ఒకసారి పాత సంచితో, తర్వాతిసారి కొత్త సంచితో వల లాగండి, అదే చోట, అంతే సేపు. ఏరకముందే కుప్పలోంచి కళ్లు మూసుకుని ఒక క్రేటు తీయండి. అందులో మీకు ముఖ్యమైన ఒక్క జాతినే పట్టుకుని అన్నిటి పొడవూ కొలవండి. పది రోజులు ఇట్లా చేస్తే తేడా కాగితం మీద కనబడుతుంది. మంచివి మాత్రమే ఏరి కొలిస్తే మీకు మీరే అబద్ధం చెప్పుకున్నట్టు.

ఇవన్నీ నేర్పేదెవరు?

మత్స్యశాఖ వాళ్లు, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) కింద పనిచేసే నెట్‌ఫిష్ వాళ్లు రేవుల్లో శిక్షణ పెడుతుంటారు. చదరపు సంచి, టెడ్ రెండూ చేసి చూపిస్తారు. సంఘం తరఫున నలుగురు బోటు యజమానులు, బోటు నడిపే ఒక సరంగు, వల కుట్టే ఒక మనిషి కలిసి అడిగితే త్వరగా వస్తారు. ఒక్కడే అడిగితే ఫైలు కదలదు. శిక్షణకు సరంగును తప్పక తీసుకుపోండి. యజమాని నేర్చుకుని ఇంటికొచ్చి చెబితే డెక్కు మీద జరగదు.

మా సంచి తెస్తే చూసి చెబుతావా అన్నా?

చెబుతాను. తెచ్చేటప్పుడు చివరి సంచి ఒక్కటే తేండి, వల మొత్తం వద్దు. సముద్రం నీళ్లలో రాత్రంతా నానబెట్టి తడి గోతంలో చుట్టి తేండి. ఎండిన వలను కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు.